వజ్రమ్మ, లోపలికి పోయే సూది

మా చాళ్‌లో వజ్రమ్మ నడకను వెక్కిరించని పిల్లలు లేరు. కుడి చెయ్యి బారుగా పక్కకు చాచి, నడుము ఎడమవైపు వంచి, పామును తోక పట్టుకుని పారేయబోతున్నట్టు నడుస్తుంది. చేతిలో కూరగాయల సంచీ ఉన్నా అంతే, రేషన్ బియ్యం ఉన్నా అంతే. ఇరవై తొమ్మిదేళ్లు ఆసుపత్రి చెత్త సంచులను కాలికి తగలనివ్వకుండా మోసి మోసి వచ్చిన నడక అది. ఆ సంగతి తెలిసి కూడా నేను వెక్కిరించాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, పిల్లలకంటే బాగా వెక్కిరించగలను.

మాది బొంబాయి కామాఠీపుర పదకొండో గల్లీలో వరసగా ఒంటిగది కాపురాలుండే చాళ్, మూడో అంతస్తు. ఆమె ఖోలీకి, నా ఖోలీకి మధ్య ఒక్క చెక్క గోడ. ఆమె భర్త భూమయ్య వాచ్‌మన్‌గా చేసి, మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు వంట ఆయనదే. జొన్నరొట్టె ఆమెకంటే గుండ్రంగా చేస్తాడు. వజ్రమ్మ తాతలు ఈ ఊరి గోడలు కట్టడానికి పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. "తాత రాళ్లు మోసిండు, అమ్మ ఇటికలు మోసింది, నేను కచరా మోస్తున్న. మా ఇంట్ల మోత తప్పలే" అని నవ్వుతుంది. ఆమె నవ్వితే గోడకు ఇవతల నా గిన్నెలు కదులుతాయి.

పని చేసేది ఫోరస్ రోడ్డు మలుపులో ఉన్న ఇరవై మంచాల నర్సింగ్ హోంలో. అక్కడ ఆమె మావ్‌షి. మరాఠీలో మావ్‌షి అంటే పిన్ని. బొంబాయి ఆసుపత్రుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లందరినీ ఆ వరస పెట్టే పిలుస్తారు. వరసకేం, ఎవరైనా పెడతారు. మంచాల మీది గుడ్డలు మార్చడం, దూదీ కట్లూ ఎత్తడం, పసుపు సంచులకూ ఎర్ర సంచులకూ మూతి కట్టి కింద బండి దాకా దించడం ఆమె పని. సూదులు వేయడానికి గట్టి తెల్ల డబ్బా వేరే ఉంటుంది. సూదిని తుంచే మిషనూ ఉంది. కానీ పది మంది రోగులు ఒకేసారి మీద పడ్డప్పుడు నర్సు చేతిలోని సిరంజి దూదితో పాటు ఏ సంచీలో పడుతుందో దేవుడికే తెలియాలి. దేవుడి తర్వాత మావ్‌షికి తెలుస్తుంది, గుచ్చుకున్నప్పుడు.

పోయిన సంవత్సరం హోళీకి ముందు అది యాదమ్మకు గుచ్చుకుంది. యాదమ్మ మహబూబ్‌నగర్ నుంచి మొగుడు సాయిలుతో కలిసి బిల్డింగు పనికి వచ్చిన పిల్ల. ఇరవై మూడేళ్లు. చంకలో ఏడు నెలల కూతురు దివ్య. మా వరండా చివరి ఖోలీలో అద్దెకుండేవాళ్లు. ఎండలో తట్టలు మోస్తున్న ఆ పిల్లను "నీడపట్టున పనుంది, రా" అని నర్సింగ్ హోంకు తీసుకుపోయింది వజ్రమ్మే. చేరి మూడు నెలలైనా కాలేదు. మెట్లు దిగుతుంటే పసుపు సంచీ తొడకు తగిలింది, లోపలున్న సూది చీర దాటి దిగింది. అది ఎవరికి వాడిన సూదో ఎవరికీ తెలియదు. పెద్దాసుపత్రిలో ఇరవై ఎనిమిది రోజులకు మాత్రలిచ్చారు. మూడు నెలల దాకా రక్త పరీక్షలు చేయాలన్నారు. అన్నీ తేలేదాకా బిడ్డకు పాలివ్వొద్దన్నారు.

ఆ మూడు నెలలు మా వరండా ఎలా గడిచిందో మాకే తెలుసు. దివ్య పాలకోసం ఏడ్చేది. వజ్రమ్మ ఒళ్లో వేసుకుని సీసా పట్టేది. యాదమ్మ గోడవైపు తిరిగి, రెండు చెవులూ మూసుకుని కూర్చునేది. మాత్రలకు వాంతులు. మొగుడు ముట్టుకుంటే భయం. ఇవన్నీ చూస్తూనే వజ్రమ్మ పొద్దున్నే లేచి పనికి పోయేది.

జూన్‌లో చివరి రిపోర్టు వచ్చింది. ఏ జబ్బూ లేదు. సాయిలు పేడాలు పంచాడు. వజ్రమ్మ పేడా చేతిలో పట్టుకుని నిలబడింది కానీ నోట్లో వేసుకోలేదు.

"రిపోర్టు మంచిగొచ్చింది. పాలు పోయినయ్ పంతులమ్మా" అంది నాతో. "రిపోర్టు పాలను మల్ల దెస్తదా? నేను తోల్కపోయిన పిల్ల. నా ఎనక ఇంకో పిల్ల గిట్ల గోడకు తిరిగి కూసోవద్దు."

నేను చెప్పేవాటిలో సగం కళ్లారా చూసినవే. చక్కెర జబ్బుతో నా కాలి బొటనవేలు పుండై, రోజు విడిచి రోజు ఆ నర్సింగ్ హోంలోనే కట్టు మార్పించుకునేదాన్ని. అలా ఒకరోజు బెంచీ మీద కూర్చుని ఉంటే, నర్సింగ్ హోం నడిపే డాక్టర్ రుతుజ గదిలోకి సిరంజిల కంపెనీ మనిషి వచ్చాడు. బ్యాగు లోంచి ఒక సిరంజి తీసి నీళ్లు ఎక్కించాడు, దూది ఉండలో గుచ్చి పిడిని చివరిదాకా నొక్కాడు. టిక్కుమంది. సూది వెనక్కి ఎగిరి సిరంజి గొట్టంలోకి దూరిపోయింది. మళ్లీ లాగినా రాదు, రెండోసారి వాడదామన్నా కుదరదు.

గది తుడుస్తున్న వజ్రమ్మ పోఛా వదిలేసి నిలబడింది.

"భయ్యా, ఇంకొక్కసారి జేసి జూపియ్" అంది.

అతను ఆమెవైపు కాకుండా డాక్టరమ్మవైపు చూశాడు. డాక్టరమ్మ చూపించమంది. ఈసారి టిక్కుమనగానే వజ్రమ్మ ముందుకు వచ్చి సిరంజి మూతి మీద వేలు పెట్టి నొక్కింది. వేలు తిప్పి చూసుకుంది. ఏమీ లేదు. నాకు జ్ఞాపకం, ఆ వేలిని ఆమె కొంగుతో తుడుచుకుంది, బంగారం ముట్టుకున్నట్టు.

డాక్టరమ్మతో ఆమె హిందీలో మాట్లాడుతుంది. నా చెవికి మాత్రం అది తెలుగే, అలాగే రాస్తున్నాను. ఆరోజు డాక్టరమ్మ, "బాగుంది గానీ మనం వాడే వాటికంటే చాలా ఖరీదు, చూద్దాం" అంది. పెద్దవాళ్లు చూద్దామంటే వద్దని అర్థం. అది వజ్రమ్మకూ తెలుసు. అయినా అడగందే అమ్మైనా పెట్టదు కదా. మర్నాటి నుంచి రోజూ గది తుడవడం కాగానే గుమ్మంలో నిలబడేది. "మేడం, గా సుయ్యిలు?" అనేది. పది రోజులు చెవిలో జోరీగలా అడిగింది. పదకొండో రోజు డాక్టరమ్మ విసుక్కుంది.

"మందపాటి గ్లవ్స్ తెప్పించి ఇచ్చాను కదా మావ్‌షీ?"

"యాదమ్మకు చేతిల గుచ్చుకోలే మేడం, తొడల గుచ్చుకున్నది. పిల్లకు పాలు బందయినయ్. తొడకు గూడ గ్లవ్స్ ఇస్తరా?"

డాక్టరమ్మకూ ఇద్దరు పిల్లలు. కాసేపు కాగితాలు సర్దుకుంది. తర్వాత షరతు పెట్టింది: జులై నెలంతా కొత్తవి వాడి చూద్దాం, సిరంజిలు పాడవుతున్నా, రోగులకు ఇబ్బందైనా నెలాఖరుకు వెనక్కి ఇచ్చేసి పాతవే తెచ్చుకుందాం. వజ్రమ్మ ఆ సాయంత్రం నవ్విన నవ్వుకు నా స్టీలు గ్లాసు అరమీంచి కింద పడింది.

ఇక్కడ శివరాం గురించి చెప్పాలి. నర్సింగ్ హోం కాంపౌండరు, మా చాళ్‌లోనే కింది అంతస్తు. అరవై నాలుగేళ్లు. డాక్టరమ్మ తండ్రి కాలం నుంచి, గాజు సిరంజిలను స్టవ్ మీద మరగబెట్టిన రోజుల నుంచి ఉన్నాడు. నరం దొరకని ముసలివాళ్లకు కూడా ఒక్క పోటుతో ఎక్కిస్తాడు. మా గల్లీకి సగం డాక్టరు. అక్కడి నర్సులందరికీ చెయ్యి తిప్పడం నేర్పింది ఆయనే. వజ్రమ్మను ఆ పనిలో పెట్టించిందీ ఆయనే. ఆమె అన్నా అని పిలుస్తుంది, పండక్కి కాళ్లకు మొక్కుతుంది.

జులై ఒకటో తారీకున ఆ శివరాం చేతిలో కొత్త సిరంజి, మందు లాగకముందే, టిక్కుమని సూదిని మింగేసింది. అందరూ నవ్వారు. రెండోదీ అంతే. మూడోది పనిచేసింది. నర్సుల చేతుల్లోనూ అదే వరస, రోజుకు ఐదారు వృథా. మేఘా సిస్టర్ వర్లి చాళ్ల తెలుగు పిల్లే అయినా నోరు తెరిస్తే మరాఠీయే వస్తుంది. ఆ రోజు కోపానికి తెలుగు కూడా వచ్చింది. "ఇది సిరంజీనా, ఆడుకునే ఖిలోనానా? రోగి చెయ్యి చాపి కూసుంటడు, సుయ్యి గాయబ్!" అని ట్రేలో విసిరికొట్టింది.

"మాల్ ఖరాబ్ ఉన్నది మేడం" అని శివరాం తేల్చేశాడు. ఆయన ఖరాబంటే ఖరాబే. నెలాఖరుకు మిగతా పెట్టెలు తీసుకుపొమ్మని డాక్టరమ్మ కంపెనీకి ఫోన్ చేయించింది.

పదిహేను రోజులు గడిచాయి. వజ్రమ్మ ఇంటికొచ్చి భూమయ్య పెట్టింది తినేసి పడుకునేది. ఒక సాయంత్రం సిరంజిల పెట్టెలో దొరికిన కాగితాన్ని రవికెలోంచి తీసి నా ముందు పెట్టింది.

"పంతులమ్మా, గిండ్ల ఏం రాసిండ్రో సదువు."

అది ఇంగ్లీషులో ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. తొడుగు తీయాలి. వాడకముందు ఖాళీ సిరంజి పిడిని చివరిదాకా నొక్కకూడదు. మందు నెమ్మదిగా లాగాలి. గాలి నెమ్మదిగా తీసేయాలి. మందు ఎక్కించాక పిడిని చివరిదాకా గట్టిగా నొక్కాలి, సూది లోపలికి పోతుంది. అంతే. చదివి మడిచేశాను.

"రెండోది మల్ల సదువు" అంది.

విసుగ్గా మళ్లీ చదివాను. ఆమె లేచి నిలబడింది.

"శివరామన్న చెయ్యి యాద్ జేసుకో. కవర్ల నుంచి సుయ్యి దియ్యంగనే ఏం జేస్తడు?" రెండు వేళ్లూ బొటనవేలూ కలిపి గాలిలో సిరంజి పట్టుకున్నట్టు పట్టింది. పిడి లాగింది, ఒక్క దెబ్బతో లోపలికి కొట్టింది. "గిట్ల! ఖాలీది ఒక్క దెబ్బ గొడ్తడు. గప్పుడే మందు గుంజుతడు. ఆయనను జూసి పోరీలందరు గట్లనే."

నిజమే. ఆ దెబ్బను నేను వందసార్లు చూశాను. నాకు ఇంగ్లీషు వచ్చు, ఆమెకు సంతకం కూడా రాదు. ఆ కాగితం అర్థమైంది మాత్రం ఆమెకు. నాకు సిగ్గేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. తప్పు పట్టడం ముప్పై రెండేళ్లు నా వృత్తి.

ఆమె అప్పటికప్పుడే కిందికి దిగింది. శివరాం గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను.

"అన్నా, ఒక్క మాట. మందు గుంజకముందు ఖాలీది నొక్కుతున్నవ్. అందుకే సుయ్యి లోపటికి పోతున్నది. మాల్ ఖరాబ్ లేదు."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నలభై నాలుగేండ్లాయె నేను సుయ్యి పట్టవట్టి. ఝాడు పట్టెదానివి, నువ్వు నాకు నేర్పుతవా? నౌకరి పెట్టించినందుకు మంచిగ బుద్ధి జెప్తున్నవ్ పో."

వజ్రమ్మ మెట్లెక్కి వచ్చేసింది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. రేపే డాక్టరమ్మకు చెప్పెయ్ అన్నాను, నువ్వు చెప్పకపోతే నేను చెప్తా అన్నాను.

"చెప్తే సుయ్యిలుంటయ్. శివరామన్న ఉండడు" అంది. "అరవై దాటినోడు. తప్పు జేసిండంటే మేడం ఇంట్ల కూసోవెడ్తది. నలభై ఏండ్ల పేరు పోతది. నాకు సుయ్యిలు గావాలె, అన్న గావాలె."

"రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగిపోతావ్."

"మా తాతలు పరంజిల మీద నడిసిండ్రు పంతులమ్మా. రెండు కట్టెల మీద రెండు కాళ్లు వెట్టే నడుస్తరు."

మర్నాటి నుంచి ఆమె ఒక పని మొదలుపెట్టింది. మందు లాగకుండానే సూది మింగేసి, ఎందుకూ పనికిరాక ట్రేలో పడ్డ సిరంజిలను మాత్రం ఏరి, ఒక ఖాళీ సెలైన్ పెట్టెలో వేసేది. రోగికి వాడినవి ఎప్పటిలా తెల్ల డబ్బాలోకి పోయేవి. వాటి జోలికి పోలేదు. ఎందుకని అడిగితే, "ఎవ్వరి పేరు జెప్పకుంట చెప్పనీకి" అంది. నాకు ఏమీ బోధపడలేదు. మతి పోయిందేమో అనుకున్నాను.

జులై ముప్పై ఒకటి. పొద్దుటి నుంచి వాన. కట్టు మార్పించుకోవడానికి వెళ్లి డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల డాక్టర్ రుతుజ, శివరాం, మేఘా సిస్టర్, మిగిలిన పెట్టెలు తీసుకుపోవడానికి వచ్చిన కంపెనీ మనిషి. అతను సంతకం పెట్టించుకోవడానికి కాగితం తీస్తుండగా వజ్రమ్మ సెలైన్ పెట్టె ఎత్తుకుని లోపలికి పోయింది. ఎవరినీ అడగలేదు. టేబుల్ మీద పాత పేపరు పరిచి, పెట్టెను బోర్లించింది. ఎనభై దాకా సిరంజిలు గలగలా గుట్టపడ్డాయి.

"అగ బాయీ!" అని మేఘా గోడకు అతుక్కుంది. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. వజ్రమ్మ గ్లవ్స్ తీసేసింది. గాజులు పైకి నెట్టుకుంది. ఒట్టి చేతిని మణికట్టు దాకా ఆ గుట్టలో దించి, బియ్యంలో రాళ్లు వెతికినట్టు అటూ ఇటూ కలిపింది. "మావ్‌షీ!" అని డాక్టరమ్మ అరిచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె ఆ చేతిని లైటు కింద పెట్టి తిప్పి చూపిస్తోంది.

"జూడుండ్రి. ఒక్క గీత లేదు. ఇవి ఖరాబైనయంటున్రు. ఖరాబైనయి గూడ గుచ్చుత లేవు మేడం. మన పాతయి మంచిగుండి గుచ్చుతున్నయ్."

 బయట వాన మోత. డాక్టరమ్మ మెల్లగా చెయ్యి చాచి గుట్టలోంచి ఒక సిరంజి తీసి లైటుకు ఎత్తి చూసింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి.

"వీటిలో మందు చుక్క కూడా లేదు. అన్నీ మందు లాగకముందే పోయాయా?" అని, వజ్రమ్మవైపు తిరిగింది. "ఎందుకో నీకు తెలుసా?"

"నాకు కచరా ఎరుక మేడం. సుయ్యి పని నాది గాదు."

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వజ్రమ్మ గుమ్మంలోంచి నావైపు ఒక చూపు చూసింది, నేను నోరు మూసుకున్నాను. బడిలో హెడ్మాస్టరు కూడా నన్ను అలా ఊరుకోబెట్టలేకపోయాడు.

శివరాం ఆ గుట్టవైపే చూస్తున్నాడు. కాసేపటికి వెళ్లి పెట్టెలోంచి కొత్త సిరంజి ఒకటి తీసి కవరు చించాడు. ఆయన ఏమీ ఆలోచించకముందే చెయ్యి దానిపని అది చేసింది. పిడి లాగింది, కొట్టింది. టిక్. చేతిలో సూది లేని సిరంజి. దాన్ని తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాడు.

"నా చెయ్యి మేడం" అన్నాడు. "గాజు సిరంజి మరగవెడితే పిడి పట్టేస్తుండె. మందు గుంజకముందు ఒక్కసారి నొక్కి సూస్తుంటిమి. మీ నాయన నేర్పిండు. గాజువి పోయినయ్, నా చెయ్యి పోనియ్యలే. ఈ పోరీలకు గూడ గదే నేర్పిన. వజ్రమ్మ పదిహేను రోజుల కిందనే జెప్పింది. నేనే తిట్టి తోలిన."

అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని మనం ఎగతాళిగా అంటాం. అరవై నాలుగేళ్ల వయసులో, తను పాఠం చెప్పిన పిల్లల ముందు ఆ తప్పు దిద్దుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనైతే చేసేదాన్ని కాదు. ఆ రోజు శివరాం మీద నా కోపం పోయింది.

డాక్టరమ్మ ఆయన్ను ఏమీ అనలేదు. "అయితే కాకా, రేపటి నుంచి అందరికీ మళ్లీ మీరే నేర్పండి" అంది. కంపెనీ మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వజ్రమ్మకు రెండూ దక్కాయి.

ఆమె సిరంజిలు మళ్లీ పెట్టెలోకి ఎత్తుతుంటే డాక్టరమ్మ అడిగింది, "చెయ్యి అలా పెట్టేశావు, భయం వెయ్యలేదా?"

"భయం పొయ్యేదాక గుచ్చుకున్నయ్ మేడం."

"అంటే? నీకెన్నిసార్లు గుచ్చుకుంది?"

"లెక్క వెట్టలే. తొమ్మిదో, పదో."

డాక్టరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదా? చెప్పలేదేం?"

వజ్రమ్మ పేపరు మడుస్తూ, మామూలుగా, "ఎవ్వరూ అడగలే" అంది.

డాక్టరమ్మ అప్పటికప్పుడే రక్త పరీక్షకు రాసింది. రక్తం తీయడానికి మేఘా సిస్టర్ ముందుకొస్తే శివరాం ఆపి, తను కూర్చున్నాడు. కొత్త సిరంజి తీశాడు. బొటనవేలు అలవాటుగా పిడి మీదికి పోయింది. ఆగింది. దాన్ని దూరంగా ఎత్తి పట్టుకుని, చిన్నపిల్లాడు పలక మీద దిద్దినట్టు నెమ్మదిగా రక్తం లాగాడు. సీసాలోకి వదిలి చివరిదాకా నొక్కాడు, సూది లోపలికి పోయింది. వాడిన సిరంజి అందుకుని పారేయడానికి వజ్రమ్మ రెండో చెయ్యి చాపింది. "నువ్వు కూసో" అని ఆయనే లేచి వెళ్లి తెల్ల డబ్బాలో వేసి వచ్చాడు.

ఇప్పుడు అక్కడ అవే సిరంజిలు. ఫాక్‌లాండ్ రోడ్డులోని ఒక క్లినిక్ వాళ్లు కూడా చూసి వెళ్లారు. యాదమ్మ మళ్లీ పనిలో చేరింది. వజ్రమ్మ చేరమనలేదు, తనే వచ్చింది.

వజ్రమ్మ రిపోర్టు నాలుగో రోజున వచ్చింది. కవరు విప్పకుండా నా దగ్గరికి తెచ్చింది. ఎయిడ్స్ లేదు. సూదుల వల్ల వచ్చే కామెర్ల జబ్బులు రెండూ లేవు. ఒకసారి చదివి చెప్పాను. మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుని, గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"పదకొండేండ్ల కింద ఒకటి లోతుకు దిగె" అంది ఏడుపు మధ్య. "రాత్రిదాక నెత్తురు ఆగలే. పసుపు, సున్నం వెట్టి ఊకున్న. అప్పటి సంది నాకు వచ్చిందనే అనుకున్న పంతులమ్మా. భూమయ్యకు చెప్పలే. ఆయనను దగ్గరికి రానియ్యలే. మనవడు పింటూ పుడితే జలుబని అబద్ధం జెప్పి నెల దాక ఎత్తుకోలే. వాని మూతి ముద్దువెట్టుకోలే ఇయ్యాల్టి దాక."

ఎత్తుకుంటే, ముద్దు పెట్టుకుంటే అది అంటదని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. బడిలో పిల్లలకు ఆ పాఠం చెప్పింది నేనే, ఏటేటా, బోర్డు మీద బొమ్మ వేసి మరీ. పక్క ఖోలీలో ఉన్న మనిషికి చెప్పాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. 

"నేనూ అడగలేదు వజ్రమ్మా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, ముక్కు చీది, రిపోర్టును నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. "అడిగితే మాత్రం చెప్తుంటినా? నౌకరి పోతుండె" అంది.

అయినా నేను అడగాల్సింది.